రేపటిదాకా ఆగొచ్చా?

దయ్యాల సంగతి వచ్చినప్పుడు మా ఇంట్లో నవ్వేదాన్ని నేనే. మా నాయనమ్మ ఊళ్లో ఏవేవో చూశానని చెప్పేది. మా పిన్ని కూడా చెప్పేది. నేను నమ్మలేదు, ఇప్పటికీ నమ్మను. అందుకే ఇది రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. దీన్ని ఏమనాలో నాకు తెలియదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో, కోచింగ్ సెంటర్ల మధ్య ఒక సందులో ఉన్న నెట్ సెంటర్‌లో పనిచేసేదాన్ని. పరీక్షల దరఖాస్తులు నింపడం, హాల్ టికెట్లు ప్రింట్ తీసివ్వడం నా పని. ఓనరు ప్రసాద్ గారు గుంటూరు వైపు మనిషి. మాది నల్లగొండ జిల్లా. ఉద్యమం గురించి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకునేవాళ్లం కాదు. బంద్ అంటే ఆయన ముందు రోజే షట్టర్ తాళాలు సరిచూసుకునేవారు, నేను చూడనట్టు ఉండేదాన్ని.

మధ్యాహ్నం గిరాకీ ఉండదు. అప్పుడు ఒక సైటు చూసేదాన్ని. అందులో ఎవరైనా ఏదైనా అడగొచ్చు, ఎవరైనా జవాబు చెప్పొచ్చు. చాలామంది తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాళ్లు. కొత్త చెప్పులు కరుస్తున్నాయి, ఏం చేయాలి? మా పిల్లి మూడు రోజులుగా మంచం కిందే ఉంటోంది, ఎందుకు? పెళ్లిచూపులకు వచ్చిన అబ్బాయి ఒక్క మాటా మాట్లాడలేదు, నచ్చినట్టా నచ్చనట్టా? శ్రీశైలం బస్సు ఎల్‌బీ నగర్‌లో ఎక్కడ ఆగుతుంది? పక్కింటివాళ్లను అడగడానికి మొహమాటపడేవన్నీ అక్కడ అడిగేవాళ్లు. నాకది భలే కాలక్షేపం. చెప్పులకు కొబ్బరినూనె రాయమని చెప్పింది నేనే.

ఒక శుక్రవారం ఈ ప్రశ్న చూశాను. చదివింది చదివినట్టు గుర్తుంది.

"మా అమ్మ బట్టలు కుడుతుంది. పొద్దుటి నుంచి సూదిలో దారం ఎక్కించలేకపోతోంది. కత్తెర రెండుసార్లు చేతిలోంచి జారింది. నొప్పి లేదంటోంది, నవ్వుతోంది. ఈ రోజు బంద్, బస్సులు లేవు. రేపటిదాకా ఆగొచ్చా?"

మా అమ్మ కూడా ఇంట్లో చీరలకు ఫాల్ కుట్టేది, పీకో చేసేది. అందుకే నా కన్ను దాని మీద ఆగింది. ప్రసాద్ గారిని పిలిచి చూపించాను.

"కళ్లజోడు నంబరు మారుంటుందండీ, అంతే. మా అత్తగారికీ ఇలాగే అయింది," అన్నారాయన.

కిందికి జరిపితే ఒక జవాబు ఉంది. "ఆగొద్దు. పక్షవాతం మొదలైనట్టుంది. ఇందులో ప్రతి గంటా ముఖ్యమే. ఉన్నపళంగా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి." అది చదివి ప్రసాద్ గారు నాలుక కరుచుకున్నారు.

"ఇవాళ ఎక్కడండీ బంద్?" అని కూడా అడిగారు. నిజమే, ఆ రోజు బంద్ లేదు. ఏ ఊళ్లోనో అయి ఉంటుందనుకున్నాం. ఇంతలో ఒకమ్మాయి హాల్ టికెట్ కోసం వచ్చింది. ఆ విషయం అక్కడితో వదిలేశాను.

ఆదివారం సాయంత్రం, మంగళవారం బంద్ అని ప్రకటించారు.

మంగళవారం నేను ఇంట్లోనే ఉన్నాను. అప్పుడు మేము కర్మన్‌ఘాట్‌లో కిరాయికి ఉండేవాళ్లం. పొద్దున చాయ్ తాగాక అమ్మ కిటికీ దగ్గర కూర్చుని ఎవరిదో చీర చేతిలోకి తీసుకుంది. నేను బియ్యం ఏరుతున్నాను. పదిన్నర దాటి ఉంటుంది, అమ్మ నవ్వింది.

"గీ దారానికి ఏమైందే? పొద్దుగాల్నుంచి పక్కకే పోతుంది."

నేను తలెత్తి చూశాను. దారం కొస సూదికి బెత్తెడు దూరంలో ఆడుతోంది. ఆమె అది గమనించడం లేదు. సూది పక్కన పెట్టి కత్తెర అందుకుంది. కత్తెర జారి నేల మీద పడింది. తీసి ఇచ్చాను. మళ్లీ పడింది.

ఆ క్షణంలో నేను జబ్బు గురించి ఆలోచించలేదు. శుక్రవారం చదివిన మాటలు ఒకదాని తర్వాత ఒకటి కళ్లముందు కదిలాయి, అంతే.

"అమ్మా, లే. దవాఖానకు పోదాం."

"ఏం పిచ్చా? గింతదానికి దవాఖాననా? ఇయ్యాల బంద్ గదా, రేపు పోదాం తీయ్."

రేపు అన్న మాట విన్నాక నేను ఇక ఆగలేదు. పక్కింటి యాదన్నకు ఆటో ఉంది. తలుపు బాదాను. "బంద్ల బండి తీస్తే అద్దాలు పలుగుతయి చెల్లే," అంటూనే చొక్కా వేసుకున్నాడు. అమ్మను ఆటో ఎక్కించేసరికి ఆమె నోరు ఒక పక్కకు కొంచెం లాగినట్టైంది.

ఎల్‌బీ నగర్ చౌరస్తాలో రోడ్డు మీదే వంటావార్పు జరుగుతోంది. నడిరోడ్డు మీద రాళ్లు పెట్టి, పొయ్యి వెలిగించి, పెద్ద డేక్సాలో అన్నం వండుతున్నారు. అటూ ఇటూ జనం కూర్చుని ఉన్నారు. మెడలో కండువా వేసుకున్న ఒక పెద్దాయన ఆటోకు అడ్డం వచ్చాడు.

"బంద్ అని తెల్వదా? యాడికి?"

"మా అమ్మకు పక్షవాతం వస్తున్నది కాకా," అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. ఏడుపొచ్చేసింది.

ఆయన వంగి అమ్మ ముఖం చూశాడు. వెంటనే వెనక్కి తిరిగి అరిచాడు. "లేవుండ్రి! దారియ్యుండ్రి! డేక్స పక్కకు జరుపుండ్రి!"

నలుగురు మగవాళ్లు కండువాలు చేతులకు చుట్టుకుని, సగం ఉడికిన అన్నంతో ఆ డేక్సాను ఎత్తి పక్కన పెట్టారు. ఒకావిడ కాళ్లతోనే మండే కట్టెలు తోసింది. ఆటో ఆ బూడిద మీదుగా వెళ్లింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మొదట అడిగింది, ఎప్పుడు మొదలైందని. చెప్పాను. ఇంకాస్త ఆలస్యమైతే చెయ్యి, మాట రెండూ పోయేవంది. "సూదీ దారం చూసి ఎలా కనిపెట్టారమ్మా? చాలామంది మర్నాటిదాకా ఇంట్లోనే ఉంచుకుంటారు," అని ఆశ్చర్యపోయింది. ఇంటర్నెట్‌లో చదివానని చెప్పాను. అప్పటికి నాకందులో వింతేమీ కనిపించలేదు. అదృష్టం అనుకున్నాను. మర్నాడు ప్రసాద్ గారు కొబ్బరిబొండాలు పట్టుకుని వచ్చినప్పుడు ఆయనా అదే మాట అన్నారు.

అమ్మ ఇంటికొచ్చాక పనిలోకి వెళ్లాను. ఆ ప్రశ్న అడిగినవాళ్లకు, జవాబిచ్చినవాళ్లకు కృతజ్ఞత చెబుదామని సైటులో వెతికాను. దొరికింది. అక్షరం మారలేదు.

కానీ కింద జవాబు లేదు. ఒక్కటి కూడా లేదు. పైన తేదీ మంగళవారానిది. సమయం పదకొండు దాటి పది నిమిషాలు. అంటే మేము చౌరస్తాలో ఉన్నప్పుడు.

ప్రసాద్ గారిని పిలిచాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు. "ఇది మనం శుక్రవారం చూశాం కదండీ," అన్నారు మెల్లగా.

నెట్ సెంటర్‌కు వచ్చినవాళ్ల పేరు, సమయం మేము రిజిస్టర్‌లో రాయించేవాళ్లం. తీసి చూశాం. హాల్ టికెట్ కోసం వచ్చిన అమ్మాయి సంతకం శుక్రవారం పేజీలోనే ఉంది. మంగళవారం పేజీయే లేదు. ఆ రోజు షట్టర్ తీయలేదు.

ప్రసాద్ గారు లెక్కల మనిషి, అంత తేలిగ్గా వదలరు. మిగతా కంప్యూటర్లలోనూ చూశారు, అదే తేదీ. ప్రశ్నను దిద్దితే తేదీ మారుతుందేమోనని తనే ఒక ఉత్తుత్తి ప్రశ్న పెట్టి దిద్ది చూశారు. మారలేదు. పాతది తీసేసి మళ్లీ పెట్టి ఉంటారా అన్నారు. కావచ్చు. కానీ శుక్రవారం నాటికి ఆ బంద్ గురించి ఎవరికీ తెలియదు కదా? మా వాళ్లెవరైనా పెట్టారేమో అనుకుందామన్నా, మా ఇంట్లో కంప్యూటర్ లేదు, నా ఫోన్ మాట్లాడటానికి తప్ప దేనికీ పనికిరాదు.

ఒక్క తేడా మాత్రం రాయాలి. ఆ జవాబు రాసినవాళ్ల పేరు డాక్టర్ అని మొదలైందని ప్రసాద్ గారికి గుర్తు. నాకు ఏ పేరూ ఉన్నట్టు గుర్తులేదు. ఆ విషయంలో మా ఇద్దరికీ ఇప్పటికీ పొంతన కుదరదు.

కొన్నాళ్లకు ఒక రాత్రి అన్నం తినేటప్పుడు అమ్మకు అంతా చెప్పాను. భయపడుతుందేమో అనుకున్నాను. ఆమె చెయ్యి ఇంకా వణుకుతోంది. ముద్ద నోటి దాకా తెచ్చి ఆగింది.

"గట్లయితే గా పిల్లకు ఎవ్వలు జవాబు చెప్పలేదా?"

నేను అది ఆలోచించనే లేదు. వారం రోజులు తేదీలతో కుస్తీపట్టాను కానీ, ఎక్కడో ఒక ఇంట్లో ఒక పిల్ల బంద్ రోజున అలా అడిగి, ఎదురుచూస్తూ కూర్చుందేమో అన్నది నాకు తట్టలేదు.

"వాళ్లమ్మ ఎట్లుందో అడుగు ముందు," అంది అమ్మ.

మర్నాడు ఆ ప్రశ్న కింద రాశాను. మీ అమ్మగారు ఎలా ఉన్నారు, ఆసుపత్రికి వెళ్లారా, మేము ఫలానా చోట ఉంటాం, ఇది నా ఫోన్ నంబరు, ఏ అవసరమున్నా చెప్పండి అని. రోజూ చూశాను. రెండేళ్ల తర్వాత ఆ సైటే మూతపడింది.

అమ్మ మళ్లీ కుట్టడం మొదలుపెట్టింది. మునుపటంత చక్కగా రాదు, కానీ గిరాకీ తగ్గలేదు. ప్రసాద్ గారు ఇప్పటికీ అదే సందులో ఉన్నారు. కలిసినప్పుడల్లా ఏదో ఒక కొత్త కారణం చెబుతారు, చెప్పాక ఆయనే కాదంటారు. నా దగ్గర ఆ కారణం కూడా లేదు. నేను చదివాను. చదవడానికి అప్పటికి అది అక్కడ ఉండకూడదు. ఇంతకుమించి నాకు తెలియదు.

అమ్మ మాత్రం ఇప్పటికీ నా చేతిలో ఫోన్ కనబడితే అప్పుడప్పుడు అడుగుతుంది.

"ఏమన్న చెప్పిందా బిడ్డా, గా పిల్ల?"

"ఇంకా లేదమ్మా," అంటాను.