రానివాళ్లు మాత్రమే చెప్పండి

మనిషి మొదటిసారి నిప్పు రాజేసిన తేదీని ఎవరూ రాసి పెట్టుకోలేదు. విత్తనాల గోదాము మేనేజరుగారు టీ గుటకకీ గుటకకీ మధ్య బటన్ నొక్కడం మొదలుపెట్టిన తేదీ కూడా అలాగే చరిత్రకి అందకుండా పోయింది. ఈ రెండో లోటు వల్ల నష్టపోయిన మనిషి ఒక్కడే. గోదాములో ఆయన్ని అందరూ బ్యాటరీ బాబాయ్ అంటారు.

కాగితాల మీద ఆయన హోదా పరికరాల పర్యవేక్షకుడు. పరికరాలంటే అగ్గిపెట్టెంతేసి సెన్సర్లు, ఎనభై నాలుగు. బస్తాల దొంతరలకి పైన, కప్పు దూలాలకి వేలాడుతూ చలినీ చెమ్మనీ కొలుస్తుంటాయి. తీగలు లేవు. ఒక్కోదానికి రెండేసి పెన్సిల్ బ్యాటరీలే ఆధారం. కొలవడం వాటికి పెద్ద పని కాదు. కొలిచింది గాల్లోకి చెప్పడానికే ప్రాణం తోడుకుపోతుంది. పైగా దూరంగా ఉన్నదాని గొంతు ఆఫీసు దాకా రాదు. అది పక్కదానికి చెబితే, పక్కది తన పక్కదానికి చెప్పాలి. వరుసకి పద్నాలుగు కాబట్టి ఆఫీసు గోడ దగ్గరున్నదానికి సొంత మాట ఒకటీ, మోసే మాటలు పదమూడూ. అందరికన్నా ముందు అదే చచ్చేది. పెద్దవాళ్ల గదికి దగ్గరగా కూర్చునేవాళ్లందరి గతీ ఇంతేనని బాబాయ్ అభిప్రాయం. పైకి ఎప్పుడూ అనలేదు.

మేనేజరుగారి కంప్యూటర్లో 'అన్నిటినీ అడుగు' అని ఓ ఆకుపచ్చ బటన్ ఉంది. నొక్కగానే ఎనభై నాలుగూ నిద్రలేచి లెక్క ఒప్పజెప్పాలి. ఆయన రోజుకి నూట నలభై సార్లు నొక్కేవారు. గోదాములో చలి మూడు గంటలకి ఒక డిగ్రీ కదిలితే గొప్ప. ఆ సంగతి ఆయనకి తెలియక కాదు, నొక్కకపోతే గోదాము తన మాట వినడం లేదేమోనని అనుమానం. దాంతో రెండేళ్లు వస్తాయని డబ్బా మీద రాసి ఉన్న బ్యాటరీలు ఇరవై నాలుగు రోజులకే కన్నుమూసేవి. బాబాయ్ పంతొమ్మిది మెట్ల నిచ్చెన లాక్కుంటూ బయల్దేరేవాడు.

ఆ నిచ్చెనకి ఇంకో హక్కుదారు ఉన్నాడు, రిటైర్మెంటుకి దగ్గరపడిన ఎలక్ట్రీషియన్.

"ఏం బాబాయ్, మళ్లీ పైకేనా? ఏకంగా అక్కడే కాపురం పెట్టెయ్యకూడదూ?"

"నీ ట్యూబులైటు పక్కన ఖాళీ ఉంటే చెప్పు, సామాను సర్దుకుంటా."

మాటకి నవ్వేవాడు గానీ, ఎనిమిదో మెట్టు దగ్గర కుడి మోకాలు టక్కుమనేది. డాక్టరు ఫోటో తీయించి చూసి, మోకాలి చిప్ప కింద అరిగిందన్నాడు. "ఇంకో ఏడాది ఇలాగే నిచ్చెనలెక్కితే, ఆ తర్వాత మంచం కూడా ఎక్కలేవు" అన్నాడు. ఈ మాట ఆఫీసులో చెప్పుకునే వీల్లేదు. బాబాయ్ ఉద్యోగపు ఉత్తర్వులో నాలుగో షరతు: 'నిచ్చెన ఎక్కగలిగినవారై ఉండవలెను.' ఎక్కితే కాలు పోతుంది, ఎక్కలేనంటే కూడు పోతుంది.

అందుకని మోకాలి ఊసు రాకుండా సంగతి కదిపి చూశాడు.

"సార్, అన్నిసార్లు అడక్కపోతే బ్యాటరీలు నిలుస్తాయండి."

"అడిగితే ఏం పోతుందయ్యా?"

"అడిగితే ఏమీ పోదు సార్. చెప్పేవాటికే పోతుంది."

"చెప్పడానికేగా వాటిని పెట్టింది! మొహమాటపడటానికి అవేమైనా కొత్త అల్లుళ్లా?"

బాబాయ్ వెళ్లి నిచ్చెన అందుకున్నాడు.

మహానుభావులకి జ్ఞానం ఏకాంతంలో కలుగుతుందంటారు. బాబాయ్‌కి ఏడుగురున్న ఇంట్లో, సాయంత్రం టీ వేళ కలిగింది. ఆయన భార్య వంట మొదలుపెట్టే ముందు గదిగదికీ తిరిగి ఎవరు తింటారో, ఎవరు బయటికెళ్తారో అడిగి వచ్చేది. ఆ రోజు గడపలో నిలబడి చేతులెత్తేసింది.

"ఏడుగురిని అడిగి అడిగి నా నోరు పడిపోయింది. ఇవాళ్టి నుంచి భోజనానికి రానివాళ్లు మాత్రమే చెప్పండి. నోరెత్తకపోతే తింటున్నట్టే లెక్క."

"నేనెప్పుడైనా రానన్నానా అక్కా?" అన్నాడు బావమరిది.

"నిన్నెప్పుడైనా అడిగానా?"

బాబాయ్ చేతిలో గ్లాసు గాల్లోనే ఆగిపోయింది. "మరి ఎవరికైనా ఒంట్లో బాగోక నోరెత్తలేకపోతేనో?"

"పొద్దున్నే అందరి మొహాలూ ఓసారి చూస్తాను కదండీ. కనబడనివాళ్ల సంగతి అప్పుడు కనుక్కుంటా."

ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది, తను ఏం కనిపెట్టిందో తెలియకుండానే.

మేనేజరుగారు మూడు రోజులు సెలవు పెట్టినప్పుడు బాబాయ్ సెన్సర్లన్నిటికీ ఆఫీసు కంప్యూటర్ నుంచే ఇంటి రూలు పెట్టేశాడు. చలి, చెమ్మ హద్దులో ఉన్నంతసేపూ నోరెత్తకూడదు. హద్దు దాటితే వెంటనే చెప్పాలి. పొద్దున ఏడింటికి మాత్రం ప్రతిదీ ఒక్కసారి ఉన్నానని పలకాలి. అది కూడా ఎవరికి వాళ్లు కాదు, పక్కదాని హాజరుకి తన హాజరు కలిపి వరుస మొత్తానికి ఒకే మాటగా పంపాలి.

తిరిగొచ్చిన మేనేజరుగారు తెర చూసి కుర్చీలోంచి సగం లేచారు.

"ఏమయ్యా, ఏవీ మాట్లాడవేం? చచ్చాయా?"

"బాగున్నాయి సార్. అందుకే మాట్లాడటం లేదు."

"బాగున్నాయని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు సార్. బాగోకపోతేనే చెబుతాయి."

ఆయన మళ్లీ కుర్చీలో కూర్చున్నారు. "సరే. బటన్ మాత్రం ఉండనీ" అన్నారు చివరికి. ఉంచాడు. నొక్కితే సెన్సర్ల దాకా పోకుండా 'మార్పు లేదు' అని కంప్యూటరే జవాబిచ్చేది. ఆ సంగతి దాచలేదు కూడా. మేనేజరుగారు తెలిసే నొక్కేవారు, రోజుకి నూట నలభై సార్లు.

రెండో నెల ఓ మధ్యాహ్నం లోడింగువాళ్లు తలుపు తెరిచి వదిలేశారు. నాలుగో వరుసలో ఒక సెన్సర్ నోరు విప్పింది. అయిదు నిమిషాల్లో తలుపు పడింది, విత్తనాలు దక్కాయి. ఆ తర్వాత పదకొండు నెలలు బాబాయ్ నిచ్చెన ముట్టుకోలేదు, ఎలక్ట్రీషియన్ ఒక్కడే వాడుకున్నాడు. మోకాలు టక్కుమనడం మానేసింది. ప్రధాన కార్యాలయం నుంచి ప్రశంసాపత్రం మేనేజరుగారి పేరున వచ్చింది. ఆయన దాన్ని ఫ్రేము కట్టించి, బాబాయ్ చేతే మేకు కొట్టించారు, కుర్చీ వేసి.

మరుసటి నెల ఎలక్ట్రీషియన్ రిటైరయ్యాడు. వారం తిరక్కుండా ఒక సర్క్యులర్ వచ్చింది. బ్యాటరీల పని గణనీయంగా తగ్గినందున ఎలక్ట్రీషియన్ స్థానంలో కొత్తవారిని నియమించడం లేదు, దీపాల బాధ్యత పరికరాల పర్యవేక్షకునిది. చివర్న ఒక వాక్యం: 'అభ్యంతరం ఉన్నవారు మాత్రమే ఏడు రోజుల్లోగా, కారణం చూపుతూ తెలియజేయవలెను.'

భార్య చదివింది. "చెప్పెయ్యండి మరి."

"కారణం చూపమన్నారే. మోకాలు చూపించనా?"

ఏడు రోజులూ బాబాయ్ నోరెత్తలేదు.

గోదాములో ట్యూబులైట్లు నూట పన్నెండు.