మెరూన్ స్వెట్టర్ వెనక ఫోటో

స్వెట్టర్ల అక్క పోయింది. మైన్‌పాట్ కొండ మీద టిబెట్ వాళ్ళ శిబిరంలో, తన ఇంట్లోనే, మహాలయ పక్షం ఏకాదశి నాడు. ఆవిడ కూతురు ఫోన్ చేసి చెప్పింది. వినగానే నాకు ఏడుపు రాలేదు. ముందు పాత కోపం గుర్తొచ్చింది. ఎనిమిదేళ్ళ కిందట ఆవిడ మన ఊరి గోల్ బజార్ నడుమ, నలుగురి ముందు, నా చేతి మీద కొట్టింది. ముప్పై ఆరేళ్ళు లోకో షెడ్‌లో ఫిట్టర్‌గా చేశాను, ఏ ఫోర్‌మనూ నా మీద చెయ్యెత్తలేదు. ఆవిడ ఎత్తింది. తప్పయిందని ఒక్కసారీ అనలేదు. ఆ మాట కోసం ఎనిమిది చలికాలాలు చూశాను.

నేను ఐదు దాకా చదివినవాణ్ణి. మాట మొరటుగా ఉంటే మన తెలుగు సంఘం పత్రికవాళ్ళు అలాగే వేసెయ్యండి.

దీపావళి వెళ్ళగానే ఆవిడ స్వెట్టర్ల మూటలతో ఇక్కడ బస్సు దిగేది. గోల్ బజార్‌లో రేకుల దుకాణం పెట్టుకుని చలి తగ్గేదాకా ఉండేది. మన రైల్వే క్వార్టర్ల వరండాల్లో కూర్చుని కూర్చుని మన తెలుగు పట్టేసింది. "ఏటొదినా, ఈ ఏడు కూడా మీ ఆయనకి నీలం రంగేనా?" అని మా ఇంటావిణ్ణి అడుగుతుంటే, కొత్తగా వచ్చిన బ్యాంకు వాళ్ళు వెనక్కి తిరిగి చూసేవారు. ఆ మొహానికీ ఆ శ్రీకాకుళం మాటకీ వాళ్ళకి పొత్తు కుదిరేది కాదు. టేపు పట్టేది కాదు. భుజాలు ఒకసారి చూసి స్వెట్టర్ తీసేది, సరిపోయేది. మోచెయ్యి చిరిగితే మనం నిలబడి ఉండగానే ఊరికే అల్లి ఇచ్చేది. ఒకసారి ఉప్పు, వెన్న వేసిన వాళ్ళ టీ ఇచ్చింది. నేను ఉమ్మేశాను. కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

ఆరేళ్ళ పిల్లగా తండ్రి వీపు మీద టిబెట్ నుంచి మంచుకొండలు దాటి వచ్చింది. చంటి తమ్ముడు నడవలేడని, ఏడిస్తే సైనికులు వింటారని, వాణ్ణి నాయనమ్మ దగ్గర వదిలేశారు. ఆ తమ్ముడు అక్కడే చైనా సర్కారులో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాడు. ఫోన్లో మనిషి కనబడే రోజులు వచ్చాక, వారానికోసారి మధ్యాహ్నం బేరాలు లేని వేళ ఇద్దరూ మాట్లాడుకునేవారు. ఏటి మాట్లాడతారని అడిగాను. చలి, మోకాళ్ళ నొప్పులు, తిన్నావా. ఇంకేమీ లేదట. మాటలు ఎవరో వింటారట. సర్కారులో చేసి రిటైరైనవాడు గుడి చుట్టూ తిరగకూడదట. పక్క జిల్లాలో పెళ్ళికి వెళ్ళాలన్నా కార్డు చూపించి చెప్పి వెళ్ళాలట.

నాకు నవ్వొచ్చింది. నేను పెద్ద ఆఫీసరుని మొహం మీదే తిట్టి వచ్చినవాణ్ణి. మహా అయితే ట్రాన్స్‌ఫర్ చేశారు. ఆ గొప్ప చెప్పాను. ఆవిడ సూది ఆపి అంది:

"నీ నోరు నీది, ఫిట్టర్ బాబూ. నా నోరు మా తమ్ముడి మెడ మీద ఉంది."

దుకాణం గోడకి వాళ్ళ గురువుగారి ఫోటో ఉండేది, అక్కడ చైనా సర్కారు ఇంట్లో కూడా ఉంచనివ్వనిది. ఫోన్ వచ్చే ముందు దాని మీద ఒక మెరూన్ స్వెట్టర్ తగిలించేది. ఆ ఫోటో తమ్ముడి ఫోన్లో కనబడితే తమ్ముడికే కష్టమని ఆవిడ నాకు చెప్పింది. నాకు తెలుసు. తెలిసే చేశాను. ఆ రోజు తమ్ముడు ఫోన్లో ఉన్నాడు, పక్క దుకాణాలవాళ్ళు కూడా చేరి చూస్తున్నారు. "ఇది ఇండియా అక్కా, నీ గోడ మీద నీకు భయమేటి?" అని స్వెట్టర్ లాగేశాను.

తమ్ముడి మొహం నాకు ఇప్పటికీ కనబడుతుంది. రెప్ప వేయలేదు. చేతులు సగం జోడించి, మళ్ళీ దించేశాడు. ఫోన్ కట్టయింది. అప్పుడు ఆవిడ కొట్టింది.

ఆ చలికాలం మరి అటు వెళ్ళలేదు. మరుసటి ఏడు మా ఇంటావిడ వెళ్ళొచ్చి, ఫిట్టర్ బాబు టీకి రాలేదేటని అక్క అడిగిందని చెప్పింది. వెళ్ళాను. శిబిరానికి అటునుంచి ఎవరో మనిషి కబురు తెచ్చాడట. తమ్ముణ్ణి మూడు రోజులు ఆఫీసులో కూర్చోబెట్టి అడిగారట, ఫోన్ తీసేసుకున్నారట. మరి ఫోన్ చేయొద్దన్నాడట. సూదిలో దారం ఎక్కిస్తూ చెప్పింది. నీ వల్లే అనలేదు. అని ఉంటే నేనూ ఏదో అనేవాణ్ణి. తప్పయిందని అనవలసింది నేనని నాకు అప్పుడే తెలుసు. నా నోరు నాదే కదా, ఆ ఒక్క మాటకి పెగలలేదు.

మెరూన్ స్వెట్టర్ మాత్రం ఆ తర్వాత కూడా మధ్యాహ్నం అయ్యేసరికి ఫోటో మీదకి వచ్చేది. ఎవరడిగినా అమ్మలేదు. ఇంకా ఎందుకక్కా అన్నాను.

"వాడు ఫోన్ చేస్తేనో?" అంది.

ఇప్పుడు కూతురు అంటుంది, అక్కడున్న మామయ్యకి చెప్పలేదు, చెప్పం అని. ఎందుకమ్మా అంటే, "ఆయన ఏడిస్తే పక్కింటివాళ్ళు ఎందుకని అడుగుతారు మామా" అంది. అక్క చచ్చిపోతే ఏడవడానికి కూడా వాడికి వీల్లేదా అని అడగబోయి ఊరుకున్నాను. ఈ వయసుకి ఊరుకోవడం నేర్చుకున్నాను.

అయినా అడుగుతున్నాను. ఆ అమ్మాయినీ, శిబిరం పెద్దలనీ. ఈ కాగితం పట్టుకుని మైన్‌పాట్ వచ్చి హిందీలో చదివి వినిపిస్తాను. ఫోన్ వద్దు. అప్పుడు కబురు తెచ్చిన మనిషి, ఈసారి కబురు తీసుకెళ్ళలేడా? నోటిమాటగా, నాలుగు గోడల మధ్య చెప్పి రాలేడా? వాళ్ళ లెక్కలో పోయినవాళ్ళ కోసం నలభై తొమ్మిది రోజులు దీపం పెడతారు. నలభై తొమ్మిదో రోజు మన కార్తీక పౌర్ణమి. ఆ సాయంత్రం దీపాలు వెలిగించేలోగా నాకు జవాబు కావాలి. తమ్ముడికి కబురు వెళ్ళిందా, లేదా? వెళితే వెళ్ళిందనండి, లేకపోతే లేదనండి.

ఈ ఏడు దుకాణం కూతురు తెరుస్తుంది. ఆ రోజు మధ్యాహ్నం నుంచి అక్కడే కూర్చుంటాను. ఫోటో మేకుకి మెరూన్ స్వెట్టర్ ఉంటుంది. నేను దాన్ని ముట్టుకోను.