టేపమ్మ మట్టి లెక్క

మా పెద్దమ్మ మెడలో గొలుసు లేని రోజులు చూశాను గానీ, టేపు లేని రోజు చూడలేదు. బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. వీధిలో అందరికీ ఆవిడ టేపమ్మ. ఆ పేరుకి నొచ్చుకోలేదు సరికదా, కొత్తవాళ్ళెవరైనా ఇల్లు వెతుక్కుంటూ వస్తే "టేపమ్మ ఇల్లంటే చిన్నపిల్లలు కూడా చెప్తారు" అని గొప్పగా చెప్పుకునేది. బీరువా కొన్నా, పరుపు కొన్నా అంగడివాడు చెప్పిన కొలత చెవిన పెట్టేది కాదు. తను కొలిచాకే అది అంత ఉన్నట్టు.

నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో వాళ్ళింట్లోనే, మేడ మీద గదిలో ఉండేదాన్ని. అందుకే ఈ సంగతంతా నా కళ్ళ ముందే జరిగింది.

ఏళ్ళ తరబడి మిషను తొక్కీ తొక్కీ పెద్దమ్మ మోకాళ్ళు అరిగిపోయాయి. "కింద కూర్చోవడం ఇక మర్చిపోండమ్మా" అన్నాడు డాక్టరు. మిషనుకి మోటారు పెట్టించుకుంది, కుట్టుపనికి ఇబ్బంది లేదు. బాధంతా పెరట్లో మొక్కల గురించే. సాయంత్రం కత్తెర పక్కన పెట్టి, వాటి దగ్గర గొంతుక్కూర్చుని కాసేపు మట్టి పెళ్ళగిస్తే తప్ప ఆవిడకి పొద్దు గడిచినట్టుండేది కాదు. ఇప్పుడా పని పెదనాన్న మీద పడింది. ఆయన ఆస్పత్రిలో లిఫ్టు నడిపి రిటైరైన మనిషి. ఎవరేం చెప్పినా తలూపడం అలవాటు. ఆవిడ కిటికీలోంచి చెప్పడం, ఆయన తలూపుతూ పీకడం.

ఓ సాయంత్రం కిటికీలోంచి కేక వినబడింది. "అయ్యో అయ్యో! అది కలుపు కాదండీ, మిరప నారు!"

పెదనాన్న గుప్పెట్లో నారు పట్టుకుని బిక్కమొహం వేశాడు. "రెండూ పచ్చగానే ఉన్నాయి కదే" అన్నాడు.

మర్నాడే పెద్దమ్మ వడ్రంగిని పిలిపించింది. నేల మీద కాదు, నడుం ఎత్తున ఉండే చెక్క మడి కావాలి తనకి. గోడకి ఆనుకుని నిలబడి, బట్టల మీద గీసే సుద్దతో నడుం దగ్గర నాచేత గీత గీయించింది. పొడవు ఆరడుగులు, వెడల్పు మూడు, ఎత్తు రెండున్నర. "ఇటు నిలబడితే ఇటు సగం, అటు నిలబడితే అటు సగం అందాలి. వంగే పని ఉండకూడదు" అంది. వడ్రంగి ఆవిడ మోకాళ్ళ కేసి ఒకసారి చూసి, సరేనని వెళ్ళాడు.

తర్వాత నర్సరీకి ఫోను చేసింది. మట్టి, ఎరువు, కొబ్బరి పొట్టు మూడూ సమానంగా కలిపి పంపుతామన్నారు. ఎన్ని ఘనపుటడుగులు కావాలని అడిగారు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతున్న డబ్బా నిండితే ఒక ఘనపుటడుగన్న మాట. బట్టలు కత్తిరించే బల్ల మీదే సుద్దతో లెక్క వేసింది. ఆరు మూళ్ళు పద్దెనిమిది. దాన్ని రెండున్నరతో హెచ్చిస్తే నలభై అయిదు. నేనూ చూశాను. గుణకారంలో తప్పేమీ లేదు.

మడి పొద్దున వచ్చింది, మట్టి లారీ మధ్యాహ్నం వచ్చింది. మడిని పెరట్లో నిలబెట్టారు, ఎత్తు సరిగ్గా సుద్ద గీత దాకా. పెద్దమ్మ కుట్టుపని వదిలేసి కర్ర పట్టుకుని గబగబా వచ్చింది. లోపలికి తొంగిచూసింది. పైనుంచి అడుగు లోతులోనే మడి అట్టడుగు పలక కనిపిస్తోంది. దాని కింద ఆరు లావుపాటి కాళ్ళు, మిగతాదంతా ఖాళీ.

"ఇదేంటయ్యా, ఇంతేనా మట్టి పట్టేది?"

"నిలబడి నిలబడి అలిసిపోరూ అమ్మా? కుర్చీ వేసుకున్నప్పుడు మోకాళ్ళు లోపలికి పోవద్దూ? అందుకే కింద వదిలాను. ఆకుకూరలకీ మిరపకీ అడుగు మట్టి చాలు" అన్నాడు వడ్రంగి, తల గోక్కుంటూ.

ఆ మనిషిని ఏమనగలదు? ఆవిడకి తట్టని సుఖం అతనికి తట్టింది. కానీ గేటు దగ్గర లారీవాడు హారను మోగిస్తున్నాడు. కావలసింది పద్దెనిమిది, వచ్చింది నలభై అయిదు.

"అమ్మా, అంతా దింపెయ్యమంటారా?"

పెద్దమ్మ గొంతు సవరించుకుంది. "దింపక? తెప్పించుకున్నదెందుకూ?"

పెదనాన్న గబుక్కున అటు తిరిగి నిలబడ్డాడు. ఆయన భుజాలు కదలడం నాకు కనిపించింది. పెద్దమ్మకీ కనిపించింది. "నవ్వితే నవ్వండి, లోపల్లోపల దాచుకుంటే పొట్ట నొప్పొస్తుంది" అంది. అప్పుడు ముగ్గురం నవ్వాం. వడ్రంగి కూడా నవ్వాడు గానీ, ఎందుకో అతనికి తెలియదు.

మడి నింపాక కూడా గేటు ముందు కుప్ప మిగిలింది. ఎదురింటి బస్సు డ్రైవరు స్కూటరు బయటికి తియ్యలేక అటూ ఇటూ చూస్తున్నాడు. పైన మబ్బు పట్టింది. వాన పడితే అంత మంచి మట్టీ కాలవలోకే. పెద్దమ్మ గేటు దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చుంది. దారిన పోయేవాళ్ళని పేరుపేరునా పిలిచి, "మీ ఇంట్లో కుండీ ఉందా, పగిలిన బకెట్టుందా, పట్రండి" అని మొదలుపెట్టింది. పక్కింటి నర్సు పాత స్నానాల తొట్టినే ఈడ్చుకొచ్చింది.

"అక్కా, దీనికెంత పడుతుంది?"

పెద్దమ్మ మెడలోంచి టేపు తీసింది. ఈసారి పొడవూ వెడల్పూ తర్వాత; ముందు టేపుని తొట్టి లోపలికి దించి, అడుగుకి తగిలిందో లేదో వేలితో తడిమి మరీ చూసింది. ఒకావిడ పప్పు డబ్బా తెస్తే దాన్నీ కొలిచింది. వాన మొదలయ్యేసరికి గేటు ముందు నల్లటి మరక తప్ప ఏమీ లేదు. డ్రైవరు స్కూటరు బయటికొచ్చింది గానీ, అతనా పూట ఎటూ వెళ్ళలేదు. తడుస్తూ వాళ్ళ మేడ మీదికి కుండీలు మోసుకుంటున్నాడు.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. నాలుగుసార్లు నీళ్ళు పోసేసరికి మడిలో మట్టి కుంగింది. అంచు దాకా నింపింది కాస్తా మూడంగుళాలు దిగిపోయింది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి పెద్దమ్మ మడి అంచు మీద మోచేతులు ఆనించి, దిగాలుగా దానికేసే చూస్తోంది.

"బట్ట ముడుచుకుంటుందని ముందే తడిపి ఆరేసి కత్తిరిస్తాను. ఎదిగే పిల్లకి గౌను కుడితే మడతలో రెండంగుళాలు వదుల్తాను. మట్టి దగ్గరికొచ్చేసరికి ఆ బుద్ధంతా ఎటు పోయిందే నాకు?"

పెదనాన్న నెమ్మదిగా అన్నాడు. "నర్సుని ఒక బకెట్టు అడగనా?"

"చేతులారా ఇచ్చి తిరిగి అడుగుతామా? పరువు పోదూ!"

ఆయన తలూపాడు. తలూపి, తిన్నగా వెళ్ళి నర్సుకి చెప్పేశాడు. ఇన్నేళ్ళలో పెద్దమ్మ మాట ఆయన దాటడం నేను చూసింది అదే. కాసేపటికి నర్సు మట్టి బకెట్టుతో వచ్చింది.

"అక్కా, మా తొట్టిలో ఎక్కువైంది, ఎక్కడ పెట్టుకోవాలో తెలియట్లేదు."

పెద్దమ్మ ఆవిణ్ణి, బకెట్టుని, పెదనాన్నని వరసగా చూసింది. "అబద్ధం కాస్త అతికేలా ఆడవే. నాది కుంగితే నీది కుంగదూ? పద, చూద్దాం."

కర్ర పట్టుకుని వెళ్ళి చూసింది. నర్సు తొట్టి కుంగింది. డ్రైవరు కుండీలు కుంగాయి. పప్పు డబ్బా కూడా కుంగింది. ఇంటింటికీ తిరిగి, ఎక్కడ ఎంత దిగిందో టేపుతో చూసుకుని, మొత్తం కూడి, దాని మీద పావు వంతు కలిపి నర్సరీకి ఫోను చేసింది. "మళ్ళీ కుంగుతుంది కదయ్యా, దానిక్కూడా వేశాను" అని వాళ్ళకే చెప్పింది. ఆ లెక్క మాత్రం సరిపోయిందనుకున్నాం. చివర్లో డ్రైవరు కుండీ ఒకటి సగమే నిండింది. దాన్ని తను కొలవనే లేదని, అతను తర్వాత కొనుక్కొచ్చాడని ఆవిడ వాదన. వాళ్ళిద్దరూ ఇప్పటికీ ఆ విషయం తేల్చుకోలేదు.

ఆ ఏడు మిరప పెద్దగా కాయలేదు. పాలకూర మాత్రం విరగబడి వచ్చింది. సాయంత్రాలు మిషను ఆపేసి, పెద్దమ్మ మడి దగ్గరికి వెళ్ళేది. లేత ఆకు, ముదురు ఆకు పెదనాన్నకి విడదీసి చూపిస్తూ, మధ్యమధ్యలో ఆయన చేతి మీద చిన్న దెబ్బ వేస్తూ ఉండేది. చీకటి పడే వేళకి మోచేతుల దాకా మట్టితో రెండు చేతులూ ముందుకి చాపి నిలబడేది. ఆయన చెంబుతో నీళ్ళు పోసేవాడు. "ఇక్కడ, ఇంకా ఇక్కడ" అంటూ ఆవిడ చేతులు తిప్పేది. చేతులు ఎప్పుడో శుభ్రమైపోయినా ఆయన చెంబులో నీళ్ళు అయ్యేదాకా పోస్తూనే ఉండేవాడు.