అంబలి గిన్నెపై నేను గెలిచిన వాదన

మీ పొట్టకు జవాబుదారు ఎవరు? ప్రశ్న మర్యాదగా లేదనిపిస్తే మన్నించండి. మీకంటే ముందు నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. నిజమైన జవాబు స్నానాలగది అద్దంలో కనబడుతూనే ఉన్నా, దాన్ని తప్పించుకోవడానికి అమెరికా పరిశోధనల దాకా వెళ్ళి వచ్చాను.

దోహాకు వచ్చిన మూడేళ్ళలో నా బెల్టుకున్న రంధ్రాలన్నీ అయిపోయాయి. చివరిది నేనే మేకు కాల్చి పొడిచాను. ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో నలుగురం కలిసి ఉండే ఫ్లాటు కింద పరాటాల హోటలు, దాని పక్కన చిక్కటి కరక్ చాయ్ దుకాణం ఉన్నాయి. పొద్దున అక్కడ మొదలయ్యే నా దినచర్య, మధ్యాహ్నం బిర్యానీ మీదుగా, సాయంత్రం షవర్మా దగ్గర ముగుస్తుంది. అయినా తప్పు నాది అని ఒప్పుకోవడానికి మనసొప్పలేదు. కాలేజీలో నాలుగేళ్ళు డిబేట్ జట్టులో ఉన్నవాడిని. సాక్ష్యాలన్నీ ఎదురు తిరిగినప్పుడు ఎలా నిలబడాలో నాకు శిక్షణ ఉంది.

ఆ శిక్షణలో భాగంగా అబ్బిన ఒక చేతిసైగ గురించి ఇక్కడే చెప్పాలి. మనం మాట్లాడుతుండగా ఎదుటి పక్షంవాడు ప్రశ్న అడగడానికి లేస్తే, మాట ఆపకుండానే అరచేతిని కిందికి ఆడించి అతన్ని కూర్చోబెట్టవచ్చు. పోటీలో అది నియమబద్ధం. నాకు అది ఎంతగా అలవాటైందంటే, పెళ్ళిభోజనాల్లో వడ్డించేవాళ్ళు కూడా నన్ను చూసి వెనక్కి తగ్గేవారు. ఆ అలవాటును భోజనాల దగ్గర మాత్రం నేను త్వరగానే మానుకున్నాను.

నేను ఒక నిర్మాణ కంపెనీలో సేఫ్టీ ఆఫీసర్‌ని. సైటు పనితో పాటు, ఇండస్ట్రియల్ ఏరియాలోని మా కార్మికుల క్యాంపులో నెలకు రెండుసార్లు గదులు తనిఖీ చేయడం కూడా నా డ్యూటీయే. ఒక వేసవిలో నిలవ కూర తిని ఒక గదిలో అందరికీ వాంతులైనప్పుడు, నేనొక రూలు రాశాను: ‘వండినదైనా, కలిపినదైనా, ఏ ఆహారమూ రాత్రంతా గదులలో ఉంచరాదు. కనిపించిన యెడల పారవేయబడును.’ ఆ ‘పారవేయబడును’ చూసి చాలా రోజులు మురిసిపోయాను. పారబోసేది ఎవరో చెప్పనక్కరలేని క్రియాపదం అది.

రూలు అతికించిన వారమే తనిఖీలో ఒక మంచం కింద తడిగుడ్డ కప్పిన స్టీలు గిన్నె దొరికింది. గుడ్డ తీస్తే పుల్లటి వాసన. ఆ మంచం ఒక స్కాఫోల్డర్‌ది. అంటే భవనం చుట్టూ ఇనుప గొట్టాలతో మంచెలు కట్టే మనిషి. జగిత్యాల వైపు పల్లె నుంచి వచ్చాడు. నలభై అయిదు దాటి ఉంటాయి. మా సైటులో అతను కట్టిన మంచెనైతే నేను రెండోసారి చూడకుండానే సంతకం పెడతాను.

“అగో సార్, అది పాడైంది కాదు, జొన్న...” అన్నాడు.

నా అరచెయ్యి కిందికి ఆడింది. రూలు మొదటి వాక్యం చదివాను, రెండో వాక్యం చదివాను, గిన్నె తీసుకెళ్ళి బయట చెత్త డ్రమ్ములో బోర్లించాను. ఎవరూ ఎదురు చెప్పలేదు కనుక వాదన గెలిచాననే అనుకున్నాను.

కొన్ని నెలల తర్వాత, ఎత్తు మీద పని చేసేవాళ్ళకు ఏటా జరిగే వైద్యపరీక్షలో అతను బరువు పెరిగాడని, షుగర్ ఉందని తేలింది. డాక్టరు మాత్రలిచ్చి మూడు నెలల గడువు పెట్టాడు. ఈలోగా షుగర్ అదుపులోకి రాకపోతే పైకి ఎక్కడానికి అనుమతి రద్దవుతుంది. అతను వచ్చిందే స్కాఫోల్డర్ వీసా మీద. కింద నిలబడి ఊడ్చే పనికి కంపెనీ అతని కాంట్రాక్టు పొడిగించదు. ఇరవయ్యేళ్ళు గల్ఫ్‌లో ఎత్తుల మీద బతికిన మనిషిని ఒక సూదిపోటు నెత్తురుతో ఇంటికి పంపేస్తారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే నాకా వ్యాసం దొరికింది. స్పానిష్ మాట్లాడే దేశాల నుంచి అమెరికాకు వలస వెళ్ళిన పెద్దవాళ్ళ పేగుల్లోని బాక్టీరియాను పరిశీలించిన వ్యాసం అది. నాకు అర్థమైనంతలో చెబుతాను. మన పేగుల్లో లెక్కలేనన్ని రకాల బాక్టీరియా కాపురముంటుంది. మనం తినేదే వాటికీ తిండి. పుట్టినచోట గింజలు, పప్పులు, పీచు తిని పెరిగినవాడు దేశం మారి తిండి మారిస్తే, ఆ పీచును అరిగించే రకాలు తగ్గుతూ వస్తాయి. కొత్త దేశంలో గడిపిన కాలం పెరిగేకొద్దీ మార్పూ ఎక్కువగా కనబడుతుంది. స్థూలకాయం ఉన్నవాళ్ళ పేగుల్లోనూ ఇలాంటి లోటే కనబడుతుంది. దాని కింద ఒక హెచ్చరిక కూడా ఉంది: రెండు విషయాలు కలిసి కనబడినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని చెప్పలేం. కాలేజీలో ఈ ఒక్క తేడాను పట్టుకొని ఎంతమంది ప్రత్యర్థులను ఏడిపించానో నాకే తెలుసు. ఆ రోజు మాత్రం ఆ వాక్యాన్ని బొటనవేలితో మూసి మిగతాది చదువుకున్నాను. నేను నిర్దోషిని. నా పొట్ట నా తిండిపోతుతనం కాదు, అది వలస.

మర్నాడు సైటులో, డ్యూటీ మొదలయ్యే ముందు పది నిమిషాల సేఫ్టీ ఉపన్యాసంలో ఇదే ఎత్తుకున్నాను.

“అన్నలారా, మీ కడుపులో ఒక ఊరుంది. మీరు విమానం ఎక్కినప్పుడు ఆ ఊరు కూడా వలస వచ్చింది...”

“గా ఊర్ల సర్పంచ్ ఎవ్వరు సార్?” అని వెనక వరసలోంచి ఎవరో అడిగారు.

నవ్వులు ఆగాక, ఉపన్యాసం చివర రోజూ చేసే విధంగా సేఫ్టీ బెల్టు వేసుకొని చూపించబోయాను. భుజాల పట్టీలు వచ్చాయి. తొడల పట్టీలు వచ్చాయి. ఛాతీ దగ్గర కొక్కేనికీ కొక్కేనికీ మధ్య బెత్తెడు దూరం మిగిలిపోయింది. స్కాఫోల్డర్ జాలిపడి ముందుకు వచ్చి రెండు పట్టీలూ గుంజాడు.

“ఊపిరి వట్టుండ్రి సార్. ఇంక వట్టుండ్రి.”

“ఆ ఊరోళ్ళను జర కిందికి దిగుమను సార్, బెల్టు వడుతది!” అన్నాడు సర్పంచ్ గురించి అడిగిన మనిషే.

బెల్టు పట్టలేదు. సైజు పొరపాటు అని ప్రకటించాను. అందరూ పనికి కదులుతుంటే స్కాఫోల్డర్ మాత్రం ఆగాడు.

“సార్, గా అమెరికా పోయినోళ్ళు వాళ్ళ ఊర్లల్ల ఏం తినేటోళ్ళు?”

“ఎక్కువగా మొక్కజొన్న రొట్టెలు, చిక్కుడు గింజలు అన్నా.”

“మక్కలా? అయితే మనసొంటోళ్ళే గద.” హెల్మెట్ పట్టీ బిగించుకున్నాడు. “మరి పోయిన పురుగులు మల్ల ఎట్ల వస్తయి? నాకు మూడు నెలలే ఉంది సార్.”

ఆ చివరి మాట నేను విని ఉండవలసింది. ప్రశ్న మాత్రమే విన్నాను. “పులిసిన వాటిలో మంచి బాక్టీరియా ఉంటుంది. గ్రోసరీలో మామిడిపండు లబాన్ సీసాలుంటాయి, అవి తాగు” అన్నాను. లబాన్ అంటే ఇక్కడి మజ్జిగ. నేను రోజుకు మూడు సీసాలు తాగుతున్నది మాత్రం మామిడి రసం కలిపిన తియ్యటి రకం.

“పులిసింది అంటే సార్, మరి నా...”

అరచెయ్యి మళ్ళీ కిందికి ఆడింది. “టైమైంది అన్నా. యల్లా, డ్యూటీకి పద.”

ఆ మనిషి నా మాట నమ్మాడు. పూటకొకటి చొప్పున క్రమం తప్పకుండా తాగాడు. గడువు సగమయ్యాక క్లినిక్‌లో చూస్తే షుగర్ ఇంకా పెరిగింది. ఏం తాగుతున్నావని నర్సు అడిగితే, సేఫ్టీ సారు చెప్పిన మందు అని చెప్పాడట. ఆవిడ నాకు ఫోన్ చేసి ఒకే ఒక ప్రశ్న అడిగింది: సీసా వెనక రాసినది ఎప్పుడైనా చదివారా? చదివాను, ఫోన్ పెట్టేశాక. పాల తర్వాత పేరు చక్కెర.

ఆ శుక్రవారం సెలవు పూట క్షమాపణ చెప్పడానికి క్యాంపుకు వెళ్ళాను. గదిలో నలుగురున్నారు. అతను మంచం మీద కూర్చొని బెండకాయలు కోస్తున్నాడు. నేను సిద్ధం చేసుకున్న క్షమాపణకు ఉపోద్ఘాతం పెద్దది. అది ముగియకముందే అతను అందుకున్నాడు.

“ఒక్క మాట అడుగనా సార్?”

“అడుగు అన్నా.”

“పులిసినయి కడుపుకు మంచిగుంటయంటిరి. జొన్నంబలి పులిసిందా, కాదా?”

“పులిసిందే.”

“జొన్నలల్ల పీచు ఉంటదా?”

“ఉంటుంది.”

“ఇరవై ఏండ్ల సంది ఏ క్యాంపుల ఉన్నా పొద్దుగాల గదే తాగి డ్యూటీకి పోయిన. రాత్రి పిండి కలిపి పెట్టుడు, పొద్దుగాల వండి సల్ల పోసుకునుడు. మరి గా గిన్నె డ్రమ్ముల ఎవరు వారబోసిండ్రు సార్?”

ప్రత్యర్థిని మూడు ప్రశ్నల్లో ఎలా బంధించాలో మా కోచ్ రెండేళ్ళు నేర్పాడు. ఈయన ఆ పని కత్తి ఆపకుండా చేశాడు.

“అప్పుడే చెప్పి ఉండాల్సింది కదా అన్నా” అన్నాను. ఓడిపోయేవాడి చివరి వాక్యం ఎప్పుడూ ఇలాగే ఉంటుంది.

“చెప్పనిస్తివా తమ్మీ?” సారు పోయి తమ్ముడినయ్యాను. “నోరు తెరిస్తె చాలు, చెయ్యి గిట్లంటివి.” బెండకాయ పట్టుకున్న చేత్తో నా సైగను అచ్చంగా చేసి చూపించాడు. గదంతా పగలబడి నవ్వింది. అది వాళ్ళలో ఎప్పటి నుంచో నడుస్తున్న వేళాకోళమని, నన్ను ఆ సైగతోనే పిలుచుకుంటారని అప్పుడు తెలిసింది.

గిన్నె పోయినప్పటి నుంచి అతను పొద్దున మెస్సులో పరాటాలు, చక్కెర చాయ్‌తో సరిపెట్టుకుంటున్నాడు. “మా ఆమె వీడియోల చూసి మస్తు ఖుషీ” అన్నాడు. “‘దుబాయ్ నీళ్ళు నీకు మంచిగ వడ్డయి, బుగ్గలొచ్చినయి’ అంటది. ఇది దుబాయ్ కాదు, ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా ఇనదు. బుగ్గలు కాదు, షుగర్ అని ఎట్ల చెప్పాలె?” కోసిన ముక్కలను అతను వేలితో ఒక పక్కకు నెట్టాడు. “పై పని పోతే నాకు ఇంకొక పని రాదు తమ్మీ.”

ఆ వారం నా జీవితంలో అత్యుత్తమ వాదన తయారుచేశాను. నెలనెలా జరిగే క్యాంపు సంక్షేమ సమావేశంలో నా రూలును నేనే ఖండించాలి. పదకొండు పేజీలు వచ్చాయి. తీరా సమావేశంలో క్యాంపు బాస్ నా రూలు తెరిచి, “సేఫ్టీ సాబ్, యే రూల్ కిస్‌నే లిఖా?” అన్నాడు. నేనే రాశానని ఒప్పుకున్నాను. అందులో ఒక్క సందు కూడా లేదు. అంత బాగా రాశాను. పేగుల వలస గురించి రెండో పేజీలో ఉండగా బాస్ అరచెయ్యి కిందికి ఆడించాడు. కూర్చున్నాను. అటువైపు నుంచి అది ఎలా ఉంటుందో తెలియడానికి ఇన్నేళ్ళు పట్టింది.

అప్పుడు, నేను సాక్షిగా తీసుకువెళ్ళిన స్కాఫోల్డర్ లేచాడు. అతని హిందీ నా హిందీ కంటే తక్కువ, స్పష్టత ఎక్కువ. గదిలో పెట్టుకోం, సాయంత్రం మెస్సు వంటగదిలో, వంటాయన కళ్ళ ముందు పిండి కలుపుతాం, పులిశాక మూతడబ్బాలో, మంచం నంబరూ తారీఖూ రాసి, ఆయన ఫ్రిజ్‌లో పెడతాడు, పొద్దున వండుకుంటాం, ఆ రోజు మిగిలింది ఆ రోజే పారేస్తాం. ఇంతే చెప్పాడు. బాస్ మూలన కూర్చున్న మెస్సు వంటాయన వైపు చూశాడు, వంటాయన తల ఊపాడు. “ఖలాస్” అన్నాడు బాస్, అంటే ఒప్పేసుకున్నట్టే. నా తొమ్మిది పేజీలు సంచిలోనే ఉండిపోయాయి.

నా రూలు పూర్తిగా తప్పని ఇప్పటికీ అనను. ఈ ఎండల్లో గదిలో నిలవపెట్టిన అన్నం నిజంగానే మనుషులను పడగొడుతుంది. గిన్నెలో ఏముందో అడగకపోవడం మాత్రం నా తప్పు. అడిగి ఉంటే ఫ్రిజ్ అరను ఆ రోజే చూపించేవాళ్ళం.

గడువులో మిగిలిన రోజులన్నీ అతను తియ్యటి సీసాలు మానేశాడు, చాయ్‌లో చక్కెర మానేశాడు, డాక్టరిచ్చిన మాత్రలు వేళకు వేసుకున్నాడు, డ్యూటీ అయ్యాక క్యాంపు గోడ చుట్టూ నడిచాడు, పొద్దున అంబలి తాగాడు. అల్ దోహా అల్ జదీదాలోని తెలుగు సరుకుల కొట్టు నుంచి జొన్నపిండి మోసుకొచ్చే శిక్షను నాకు నేనే విధించుకున్నాను. గడువు రోజు క్లినిక్ నుంచి కాగితం పట్టుకొని బయటికి వచ్చాడు. ఏడాదిపాటు ఎత్తు మీద పనికి అనుమతి. అది అంబలి వల్లా, మాత్రల వల్లా, నడక వల్లా? నాకు తెలియదు. ఒక మనిషి, ఒక గిన్నె రుజువు కావు. వ్యాసంలోని ఆ హెచ్చరిక మీద నుంచి బొటనవేలు తీసేశాను.

మంచెలు తనిఖీ చేయడానికి నేనూ పైకి ఎక్కాలి కనుక, ఆ రోజే వరసలో అతని వెనక నేనూ నిలబడ్డాను. నర్సు నన్ను బరువు చూసే యంత్రం ఎక్కించింది, నెత్తురు తీసింది. షుగర్ అంచున ఉందని చెప్పి, మూడు నెలల గడువు రాసిచ్చింది. బయటికి వస్తే స్కాఫోల్డర్ నా కోసం ఆగి ఉన్నాడు. నా కాగితం తీసుకొని చదివాడు. వేళాకోళం చేస్తాడనుకున్నాను.

“డబ్బా నేను తెస్త తమ్మీ” అన్నాడు. “నీకు క్యాంపుల మంచం నంబరు లేదు గద, మూత మీద ఏం రాద్దాం?”

నేను ఏదో వివరించబోయి, ఆగి, నాకు నేనే అరచేతిని కిందికి ఆడించుకున్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఇప్పుడు ఆ ఫ్రిజ్‌లో ఒక డబ్బా మూత మీద ఒక అరచెయ్యి బొమ్మ ఉంటుంది.

చదివినవారికి నా విన్నపం ఇది. క్యాంపులోనో, హాస్టల్‌లోనో, నలుగురి తిండి మీద రూలు రాసే కుర్చీలో మీరు ఉంటే, ఈసారి తనిఖీలో ఏ గిన్నెనైనా పారబోసే ముందు, ఇదేమిటి, ఎందుకు తింటావు అని దాని యజమానిని అడగండి. అతను చెప్పడం పూర్తయ్యేదాకా మీ చెయ్యి జేబులోనే ఉంచండి. మీరు ఆ కుర్చీకి ఇవతలివారైతే, ఈ దేశానికి రాకముందు పొద్దున్నే ఏం తినేవారో ఒక కాగితం మీద రాయండి. ఈ శుక్రవారమే మీ క్యాంపు బాస్ దగ్గరికి వెళ్ళి, అది శుభ్రంగా వండుకోవడానికి ఒక పొయ్యి, ఫ్రిజ్‌లో ఒక అర అడగండి. తిరిగి వచ్చే దారిలో క్లినిక్ దగ్గర ఆగి షుగర్ చూపించుకోండి. లబాన్ కొంటే, దయచేసి, సీసా వెనక్కి తిప్పి చదవండి.