సిగ్నల్ మెట్ట మీదికి వెళ్లిన జీపు

2023 వానాకాలం. పాడేరులో ఇంటి నుంచే వెబ్‌సైట్లు చేసేదాన్ని. మా పాపకు అప్పుడు ఆరో నెల. కొండ గూడేల్లోని గర్భిణులను ఆసుపత్రికి చేర్చడానికి జీపు నడిపే ఒక చిన్న సంస్థ, ఆ జీపును పిలిపించుకునే వెబ్‌సైట్ కావాలని వచ్చింది.

రెడీమేడ్ బుకింగ్ సాఫ్ట్‌వేర్ తీసుకుందామన్నాను. టాక్సీల కోసం ముందే తయారు చేసి అమ్మేది అది. మనం పేరు, రంగులు మార్చుకుంటే చాలు. చెడితే కంపెనీవాళ్లు చూసుకుంటారు. కస్టమ్ కోడ్, అంటే మొదటి నుంచీ నేనే రాసేది, చెడితే నేనే దిక్కు. పాపకు ఒళ్లు వెచ్చబడితేనే చేతులాడని దాన్ని. ఇంకో తల్లి ప్రాణం నా కోడ్ మీద ఆధారపడటం ఊహించుకోలేకపోయాను.

మొదలుపెట్టే ముందు ఒకసారి పరీక్షించాం. ఒక గూడెం ఆరోగ్య కార్యకర్త కొండమ్మ, ఫోన్ సిగ్నల్ అందే మెట్ట, అంటే చిన్న కొండ, ఎక్కి జీపు బుక్ చేసింది. కాసేపటికి నాకు ఫోన్ చేసింది.

"జీపు నా కాడికే వచ్చీసినాదమ్మా! ఈ వయసులో నాకేటి పురుడు?"

ఇద్దరం నవ్వాం. తర్వాత ఆమె గొంతు మారింది.

"నవ్వులాట కాదమ్మా. మా కోడలికి ఎనిమిదో నెల. అది రోడ్డు కాడుంటే జీపు మెట్ట కాడికొస్తే ఏటవుద్ది?"

ఆ గూడెంలో సిగ్నల్ లేదు. నొప్పులు మొదలైతే ఒకరు మెట్టెక్కి ఫోన్ చేస్తారు. మిగతావాళ్లు గర్భిణిని డోలీలో రోడ్డు చివరికి మోసుకెళ్తారు. మెట్ట గూడేనికి ఒక వైపు, ఆ రోడ్డు చివర మరో వైపు; మెట్ట దగ్గరికి జీపు వేరే దారిలో చుట్టూ తిరిగి రావాలి. ఫోన్ ఉన్నచోటే మనిషి ఉందనుకుంది సాఫ్ట్‌వేర్. అది మార్చగలరా అని కంపెనీకి రాశాను. కుదరదన్నారు.

"మరి నువ్వే రాసీయొచ్చు గదా?" అంది కొండమ్మ.

"రాయగలనక్కా. కానీ చెడిపోతే చూడ్డానికి నేనొక్కదాన్నే. చంటిపిల్లతో..."

"మెట్టెక్కేదీ నేనొక్కదాన్నే. నా కాలు జారితే మా ఆయనెక్కుతాడు. నీకూ ఒకల్ని సూసుకో. బేగి రాయి."

రాశాను. మ్యాప్ లేదు, ఓటీపీ లేదు. గూడెం పేరు నొక్కితే, ఆ గూడేనికి రోడ్డు ఎక్కడ ఆగిపోతుందో అక్కడికి జీపు వెళ్తుంది. సైట్ చెడినా నేరుగా ఫోన్ చేసుకునేలా పేజీ పైన డ్రైవర్ నంబరు పెట్టాను. నాతో చదువుకున్న స్నేహితురాలిని కూర్చోబెట్టి కోడ్ మొత్తం నేర్పించాను.

ఒక మధ్యాహ్నం జోరువానలో ఆ గూడెం పేరుతో మెసేజ్ వచ్చింది. పాపను ఒళ్లో వేసుకుని ఫోన్ చూస్తూ కూర్చున్నాను. చేయగలిగింది ఇంకేం లేదు. సాయంత్రం కొండమ్మ ఆసుపత్రి నుంచి మాట్లాడింది.

"మా కోడలికి గుంట పుట్టినాదమ్మా, ఆడపిల్ల. జీపు రోడ్డు కాడికే వచ్చినాది."

ఇప్పుడు రెడీమేడా, కస్టమ్ కోడా అని ఎవరైనా అడిగితే ఖర్చు సంగతి తర్వాత మాట్లాడతాను. సాయం అడిగేవాళ్లు ఎక్కడ నిలబడతారు, అది ఎక్కడికి చేరాలి అని ముందు అడుగుతాను. నేను లేనప్పుడు చూసేదెవరో తేలాకే కోడ్ రాయడానికి ఒప్పుకుంటాను. భయం మాత్రం పోలేదు. వాన మొదలైతే ముందు ఫోన్ చూసుకుంటాను, ఆ తర్వాతే పాపకు దుప్పటి సర్దుతాను.