ఉప్పు పడిన రొట్టె

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. మా వీధిలో ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు రాత్రి ఏం తిన్నారో అడిగే రకం నేను. కలలో దేవుడు కనిపించాడని సాక్ష్యాలు చెప్పేవాళ్ళన్నా నాకు ఒళ్ళు మంటే. అలాంటి నాకే ఇది జరిగింది. నలుగురికీ చెబితే నన్నూ వాళ్ళలో జమకట్టేస్తారని చాలా ఏళ్ళు నోరు మూసుకున్నాను.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. గురజాల దగ్గర మా ఊళ్ళో చర్చి అంటే నాపరాళ్ళు కప్పిన ఒక్కటే గది. కింద చాపలు. నెలకోసారి, యేసయ్య కడపటి భోజనానికి గుర్తుగా అందరూ రొట్టె పంచుకునే ప్రభు సంస్కారం జరిగేది. దానికి రొట్టె చేసే పని మా ఇంటిది. ముందు మా అత్త సంతోషమ్మ చేసేది, తర్వాత నాకు అప్పగించింది. పిండి పులవకూడదు, ఉప్పు వేయకూడదు. ఈ రెండూ ఆమె నాకు వందసార్లు చెప్పి ఉంటుంది.

రొట్టె పళ్ళెం చాపల వెంట చేతి నుంచి చేతికి పోయేది. నేను అందిస్తే అత్త ఒక ముక్క తీసుకుని, అవతల కూర్చున్న దానమ్మకు అందించేది.

ఇది మా పిల్లాడికి జ్వరం వచ్చేదాకా సంగతి. వాడు ఇక దక్కడనుకున్న రోజున అత్త కోటప్పకొండకు మొక్కుకుంది. వాడు లేచి తిరగగానే, తిరునాళ్ళకు చంకనెత్తుకుని పోయి వాడికి గుండు కొట్టించుకొచ్చింది. ఊరంతా చూసింది. మా సంఘ పెద్ద ఇస్సాకు తాత ఆమెను అందరి ముందూ నిలబెట్టి తప్పు ఒప్పుకోమన్నాడు.

"పిల్లోడు బతికాడు గదయ్యా! యేసయ్యకీ మొక్కా, కొండకీ మొక్కా. ఎవరు ఇన్నారో నాకేం తెలుసు? తప్పని ఎట్టా చెప్పేది?" అంది అత్త.

అంతే, ఆమెను ప్రభువు బల్లకు దూరం పెట్టారు, అంటే ఇక సంస్కారం రొట్టె ఆమెకు ఇవ్వకూడదు. ఒప్పుకోకుండా పోతే సంఘం సమాధుల దొడ్డిలో చోటు కూడా ఉండదన్నారు. మా మామ యోహాను ఉన్నది ఆ దొడ్డిలోనే. అత్తకు ఉన్న ఒక్క దిగులూ అదే. అయినా మాట మార్చలేదు, చర్చికి రావడం మానలేదు. ప్రతి నెలా పళ్ళెం ఆమె ఒడి మీదుగా దానమ్మకు దాటించేదాన్ని. నా కన్నబిడ్డను బతికించిన మనిషిని దాటి రొట్టె పోనివ్వాలంటే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

ఆ ఏడు ఎండలు ముదిరేసరికి అత్త మంచం పట్టింది. సంస్కారం ఆదివారం నాడు నేను చర్చికి పోనన్నాను. "రొట్టె ఎవరు తీసకపోతారే? పో!" అని కసిరింది. పక్కింటి అంకమ్మ మా గడపలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తూ, నేను వచ్చేదాకా చూస్తానంది.

చర్చిలో రొట్టె ముక్క నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు! పొద్దున ఒక పక్క అత్తకు జావ కాస్తూ ఇంకో పక్క పిండి కలిపాను. జావలో పడాల్సింది రొట్టెలో పడింది. ఆ కంగారులో, అత్త లేదన్న సంగతే మరిచి, పళ్ళెం ఆమె చోటుకు చాపాను. పళ్ళెం కాస్త కదిలినట్టనిపించింది. నా చెయ్యే వణికిందేమో. ఇంతలో దానమ్మ అవతలి నుంచి వంగి తీసుకుంది.

ఇంటికొచ్చేసరికి అత్త గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఉప్పు సంగతి నేనింకా చెప్పనే లేదు.

"ఏమే, రొట్టెలో ఉప్పేశావేందే? ఎన్నిసార్లు చెప్పా నీకు!" అంది.

"నీకెవరిచ్చారత్తా?" అన్నాను.

"ఎవరేందే? నువ్వే గదా అందించింది, ఎప్పట్లాగే."

అంకమ్మను అడిగాను. "ఈ గడప దాటి పిల్లి కూడా పోలేదు వదినా" అని ఒట్టేసింది. నేను తలగడ కింద వెతికాను, చాప దులిపాను. రొట్టె చేసిన పెనం కడిగి బోర్లించినట్టే ఉంది. చప్పటి జావ తాగి ఉప్పు సంగతి ఊహించిందేమో అనుకున్నాను. గ్లాసులో జావ పోసింది పోసినట్టే మీగడ కట్టి ఉంది.

పొద్దుగూకేసరికి అత్త పోయింది. మొహం మాత్రం కడుపు నిండిన మనిషి మొహంలా ఉంది. నేను గుండెలు బాదుకుని ఏడ్చాను.

దొడ్డిలో చోటు లేదని చెప్పడానికే ఇస్సాకు తాత వచ్చాడు. వాకిట్లో అంకమ్మ జరిగిందంతా ఆయన చెవిన వేసింది. ఆయన నేరుగా నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"అమ్మాయ్, దేవుని ఎదట చెప్పు. రొట్టె నువ్విచ్చావా?"

లేదని చెప్పబోయాను. పళ్ళెం చాపింది నేనే కదా అని గుర్తొచ్చి ఆగిపోయాను. "నాకు తెలవదు తాతా" అన్నాను. అంతకంటే నిజం నా దగ్గర లేదు.

ఆయన అత్త మొహం వంక చూశాడు. "ఉప్పు నాకూ తగిలింది" అన్నాడు మెల్లగా. తర్వాత బయటికి పోయి మగవాళ్ళతో, "యోహాను పక్కనే తవ్వండిరా" అన్నాడు. ఆయన చనిపోయేదాకా ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఏళ్ళ తరబడి ఆలోచించాను. జబ్బు మనిషి నోటికి అన్నీ ఉప్పగానే ఉంటాయంటే సరే, మరి రొట్టె అనే ఎందుకంది? దేవుడే ఇచ్చాడందామా, అత్త తప్పు ఒప్పుకోనే లేదు. ఒప్పుకోని మనిషికి ఆయన బల్ల ఎలా అందింది? పోనీ, మేము తప్పన్నది ఆయనకు తప్పు కాదా? ఇక్కడికొచ్చేసరికి నా బుర్ర ఆగిపోతుంది.

ఇప్పటికీ సంస్కారం రోజున పళ్ళెం నా చేతికొస్తే, ముందు అత్త చోటు వైపు చాపి ఒక్క క్షణం ఆగుతాను. దానమ్మ ఓపిగ్గా కూర్చుంటుంది. ఆ రోజు అత్తకు నువ్విచ్చావా అని ఇప్పుడు అడిగినా, అవుననలేను, కాదనలేను.