వద్దన్నోళ్ల వ్యాజ్యం

ఆ రోజుల్లో ఒంటిమీద నల్లకోటు పడితే చాలు, లోకం పక్కకి జరిగి దారిస్తుందని నేను గట్టిగా నమ్మేదాన్ని. పుంగనూరులో పొద్దున్నే బస్సెక్కి మదనపల్లెలో దిగేలోపల లోకం సంగతి అట్లుంచి, కండక్టరు కూడా జరిగేవాడు కాదు. ఒకసారి బస్టాండులో ఒక ముసలాయన నన్ను ఎగాదిగా చూసి, "రైల్లో టిక్కెట్లు సూసే అమ్మణ్ణి ఈడేం సేస్తాండాది?" అని పక్కనాయన్ని అడిగినాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంటతోనే మా అమ్మని సతాయించి, కోటు పైన వేసుకునే నల్ల గౌను కూడా కుట్టించుకున్నాను. కాళ్లదాకా వచ్చే గౌను, చేతులకి పెద్ద పెద్ద కుచ్చులు. దాన్ని చూసి మా సీనియరు గారు, "గౌను బాగుందమ్మా, ఇంక లోపలికి లా కూడా కొంచెం ఎక్కించుకో" అన్నారు. (ఆయన్ని కోర్టులో అందరూ వాయిదాల సారు అనేవాళ్లు. వాయిదా అడగడంలో ఆయనకున్న నేర్పు నేను ఇంతవరకు ఇంకెవరి దగ్గరా చూళ్లేదు.)

అట్లాంటి రోజుల్లో మా ఆఫీసుకి ఊరిగౌడు కేసొచ్చింది. పుంగనూరు నుంచి సదుం పోయే దారిలో ఒక పల్లె. పేరు చెప్పను. చెబితే వాళ్లు మా ఇంటికొస్తారు, వస్తే అన్నం పెట్టాల, పెడతామంటే వద్దంటారు, ఆ వద్దనడంతోనే నాకు ఈ తంటా అంతా వచ్చింది. ఆ పల్లెలో తాతల కాలం నుంచి ఒకే ఇంటివాళ్లు ఊరిగౌడుగా ఉండేవాళ్లు. మునసబులు, కరణాలు లాంటి వారసత్వపు ఉద్యోగాలన్నీ సర్కారు ఎప్పుడో ఎత్తేసింది కదా, ఇంకా ఈ గౌడెవరని నేను సీనియరు గారినడిగినాను. "సర్కారు ఉద్యోగం ఎత్తేసింది గానీ తాంబూలాన్ని ఎత్తేయలేదమ్మా" అన్నారాయన. ఊరిగౌడుకి జీతం లేదు, అధికారం లేదు. గంగమ్మ జాతరలో మొదటి తాంబూలం ఆయనకివ్వాల. ఆయన దాన్ని అందుకుంటేనే పలక డప్పు మోగుతుంది, జాతర మొదలవుతుంది. కోసిన పొట్టేలు తలకాయ ఆయనింటికి పోతుంది. అంతే.

ముందున్న గౌడు చనిపోయినాడు. ఆయన కొడుకేమో నాయన తర్వాత నేనే అన్నాడు. ఆయన తమ్ముడేమో ఇంట్లో పెద్ద మగోడే గౌడు, అది మా ఇంటి ఆచారం అన్నాడు. ఊరు రెండుగా చీలింది. తాంబూలం ఎవరికివ్వాలో తేలక ముందటేడు జాతరే జరగలేదు, దానికని కోసి పెట్టిన పొట్టేలు తలకాయ మాత్రం తమ్ముడింటికి పోయింది. ఈసారి కూడా జరక్కపోతే ఊరికి కీడని ఆడవాళ్ల ఏడుపులు. మా పార్టీ, అంటే మా క్లయింటు, ఆ కొడుకే. టమోటాలు పండించి మదనపల్లె మండీకి తోలేవాడు, అందుకని నేను ఆయనకి టమోటా గౌడు అని పేరు పెట్టుకున్నాను (మనసులోనే). వచ్చినప్పుడల్లా ఒక గంప టమోటాలు తెచ్చి ఆఫీసు గుమ్మంలో దించేవాడు. మా ఇంట్లో ఆ యేడంతా టమోటా పప్పు, టమోటా ఊరిబిండి, టమోటా చారు. "అమ్మణ్ణీ, నాకు తలకాయ వద్దు, కూరా వద్దు. మా నాయన కూసున్న కంబళి మీద ఒక్కసారి కూసోవల్ల. సచ్చిపోయేముందు ఆయన నా సెయ్యి పట్టుకోని జాతర నిలబెట్టరా అన్యాడు" అని చెప్పి, పంచె అంచుతో కళ్లు తుడుచుకునేవాడు. అది చూసినాక ఈ కేసు గెలవకపోతే గౌను తీసేసి రైల్లో టిక్కెట్లు చూసుకోవాలని నేను ఒట్టు పెట్టుకున్నాను.

వట్టి మర్యాద కోసం దావా వేస్తే కోర్టు పట్టించుకోదు, ఏదో ఒక వస్తువో హక్కో ఉండాలని సీనియరు గారు పొట్టేలు తలకాయని గట్టిగా పట్టుకున్నారు. "ప్రతివాది సదరు తలకాయను అక్రమముగా తన ఇంటికి తరలించి, కూర వండించి, కుటుంబ సమేతముగా భుజించినాడు" అని నా చేతనే రాయించినారు. ఆ వాక్యం రాసినప్పుడు నాకు నవ్వు రాలేదు సరికదా, కోపమొచ్చింది. అంత లీనమైపోయినాను.

సాక్ష్యానికి ముందు టమోటా గౌడుని కూర్చోబెట్టి ప్రశ్నలు నేర్పిస్తాండాను. "ఊరిగౌడు పని నీకు కావాలా?" అన్నాను. ఆయన రెండు చేతులూ జోడించి, "నాకెందుకమ్మణ్ణీ, నాకంటే పెద్దోళ్లుండారు" అన్నాడు. నేను కాగితాలు కింద పెట్టేసినాను. "మరి దావా యాలేసినావప్పా?" అంటే అప్పుడు అసలు సంగతి చెప్పినాడు. వాళ్లూళ్లో గౌడుని కూర్చోబెట్టేటప్పుడు నల్ల కంబళి పరిచి, తాంబూలం తట్ట ముందు పెడతారు. కూర్చోబోయే మనిషి తట్టని పక్కకి తోసి, నాకొద్దనాల. అప్పుడు ఆ ఇంట్లో పుట్టిన ఆడబిడ్డ వచ్చి రెక్క పట్టుకుని లాగి కంబళి మీద కూలేస్తుంది. అప్పుడే వాడు గౌడు. నాకు కావాలని నోరు తెరిచి అడిగినోడు ఆ పనికి పనికిరాడు. ఎప్పుడో ఒకాయన లాగకముందే తొందరపడి కూర్చున్నాడంట. ఇప్పటికీ వాళ్ల మనవళ్లని "ఊరకే కూసున్నోళ్లు" అనే పిలుస్తారంట. పిల్లనియ్యడానికి కూడా వెనకాడతారంట. నేను తల పట్టుకున్నాను. "ఇది కంబళి కాదప్పా, కోర్టు! కావాలను!" అని అరిచినాను. "సరేలేమ్మా, కోర్టులో కదా, అంటాను" అన్నాడు. కావాల, కావాల అని నాతో పాటు బడిపిల్లోడి మాదిరి చెప్పినాడు కూడా.

వాయిదా రోజు సీనియరు గారు ఇంకో కోర్టులో ఇరుక్కున్నారు. "వాయిదా అడుగమ్మా" అని చెప్పి పోయినారు. నేను లేచి అడిగితే, జడ్జిగారు, "జాతర దగ్గరికొచ్చిందంటున్నారు కదమ్మా, ఇద్దరి సాక్ష్యం ఈ రోజే విందాం" అన్నారు. ఆయన కోస్తా వైపు నుంచి వచ్చిన నెమ్మదైన మనిషి. వెనక్కి తిరిగి చూస్తే, కోర్టు హాలంతా పల్లె జనం! టమోటా వ్యానులో ఊరు ఊరంతా దిగింది. ముందు వరసలో చనిపోయిన గౌడు అక్క, అంటే మా పార్టీకి మేనత్త, ఒళ్లో ఆకువక్కల సంచి పెట్టుకుని కూర్చోనుండాది.

అవతలి లాయరు కలికిరి దిక్కు ఆయన, ముక్కుపొడుం పీల్చేవాడు. మా వైపు ఆచారాలన్నీ ఎరిగిన మనిషి. మా వాడు బోనెక్కగానే తేనె పూసిన గొంతుతో మొదలుపెట్టినాడు. "టమోటాలు బాగా పండిస్తావంట కదప్పా?" "ఏదో, గంగమ్మ దయ." "ఊరోళ్లంతా నువ్వంటే ప్రాణమిస్తారంట?" "వాళ్లది పెద్దమనసు సామీ." పొడుం లాయరు జనం వైపు చెయ్యి చాపి, "అయితే ఇంతమంది ముందర చెప్పు నాయనా, ఊరిగౌడు పని నీకు కావాల్నా?" అన్నాడు. మా వాడు నన్ను చూసినాడు. నేను కళ్లతో కావాల, కావాల అంటాండాను. తర్వాత ఊరిని చూసినాడు. చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి. "నాకెందుకు సామీ, నాకంటే పెద్దోళ్లుండారు."

వెనకనుంచి జనం, "ఎంత మర్యాదస్తుడప్పా!" అని మెచ్చుకుంటాండారు. జడ్జిగారు రాసుకుంటాండారు. నేను గౌను ఎగేసుకుని లేచి, "సార్, ఈయన వద్దన్నాడంటే కావాలని సార్!" అన్నాను. జడ్జిగారు కలం ఆపి, "అమ్మా, వద్దంటే వద్దనే మేం రాసుకోవాలి" అన్నారు. హాలంతా నవ్వు. పొడుం లాయరు తీరిగ్గా ఒక పట్టు పట్టినాడు. మా వాడు దిగొచ్చి నా పక్కన నిలబడి, "ఎట్ల సెప్పేది లాయరమ్మా, అంతమంది సూస్తాండారే" అని గొణిగినాడు. తిట్టబోయి, ఆ మనిషి మొహం చూసి కూర్చోమన్నాను. కేసు పోయింది, నాయన మాట పోయింది, అన్నీ ఆ ఒక్క నమస్కారంతో పోయినాయి.

తర్వాత ప్రతివాది, అంటే మా వాడి చిన్నాయన, బోనెక్కినాడు. మీసాల కింద నవ్వు. నాకు దుఃఖం కోపమైంది. రాసుకున్న ప్రశ్నలన్నీ పక్కన పారేసి, "ఏమప్పా పెద్దాయనా, ఊరు ముందర చెప్పు. నీకు కావాల్నా?" అన్నాను. పొడుం లాయరు చేతిలో పొడుం ఒలికిపోయింది. కావాలను, కావాలను అని ఇప్పుడాయన కళ్లతో సైగలు. చిన్నాయన మీసాల కింద నవ్వు ఆరిపోయింది. కావాలంటే కోర్టులో గెలుస్తాడు, ఊళ్లో మాత్రం ఆయన మనవళ్లు ఊరకే కూసున్నోళ్లవుతారు. ఆయన కూడా చేతులు జోడించి, "నాకూ వద్దు సామీ. మా అన్నకొడుకే ఉండనీ" అన్నాడు.

అంతే, మా వాడు లేచి, "అట్లనొద్దు సిన్నాయనా, నువ్వుండగా నేనెట్ల?" అని భోరుమన్నాడు. "లేదురా, నువ్వే ఉండల్ల." "నువ్వే సిన్నాయనా." బంట్రోతు సైలెన్స్ అని అరిచేది వాళ్లకి ఎక్కడ వినపడుతుంది! జడ్జిగారు కళ్లద్దాలు తీసి, "ఇద్దరికీ వద్దంటే మరెందుకయ్యా వచ్చారు? ఈ దావా ఎవరిది?" అన్నారు. అప్పుడు మేనత్త లేచింది. "సామీ, వాళ్లు సరిగ్గానే సెప్పినారు. లాగేవాళ్లు లేక ఇంతదూరం వచ్చినారు. నేను బతికే ఉండాను కదా, రొంతసేపు మమ్మల్ని బయటికి పంపీ" అనింది. జడ్జిగారు నవ్వాపుకుంటూ, మాట్లాడుకుని మధ్యాహ్నం రమ్మన్నారు.

కోర్టు వరండాలో మేనత్త ఆకువక్క తీసింది. "కంబళి యాడుండాదే?" అనింది. ఎవరూ తేలేదు. ఆమె చూపు తిరిగి తిరిగి నా మీద నిలిచింది. "అమ్మణ్ణీ, నల్లగా ఉండాదే, అది ఇట్లియ్యి." నేను వద్దు వద్దంటాండాను. (అప్పుడు నాది నిజం వద్దు. కానీ అక్కడ వద్దుకి విలువేది!) ఆడవాళ్లు నవ్వుతా నా గౌను ఒలిచి నేలమీద పరిచేసినారు. మేనత్త తమ్ముడి రెక్క పట్టి లాగితే ఆయన గింజుకున్నాడు, ఆమె ఒక్క గుంజు గుంజి నా గౌను మీద కూలేసింది. ఆ వెంటనే మేనల్లుడి రెక్క పట్టి పక్కనే కూలేసి, "పెద్దోడు ఉన్నన్నాళ్లు వాడు, తర్వాత వీడు. జాతర రోజు ఇద్దరూ పక్కపక్కనే కూసోండి. తలకాయ నేను వండతా, అందరూ మా ఇంటికి రాండి" అనింది. టమోటా గౌడు ఏడుస్తాండాడు, నవ్వుతాండాడు. వాళ్ల చిన్నాయన ఆయన తల నిమురుతాండాడు. సరిగ్గా అప్పుడే మా సీనియరు గారు మెట్లెక్కి వచ్చి, "వాయిదా దొరికిందామ్మా?" అన్నారు. నేల చూసి, నన్ను చూసి, "గౌనేది?" అన్నారు. నేను చూపించినాను.

ఇప్పుడు నేను కుప్పంలో ఉంటాను, పెళ్లై వచ్చి ఇక్కడే ప్రాక్టీసు. మొన్నీమధ్య మా లాయర్లు కొందరు ఇంటికొచ్చి, "మేడం, ఈసారి మన సంఘానికి ప్రెసిడెంటుగా మీరుండాల" అన్నారు. ఎన్నాళ్ల నుంచో నా మనసులో ఉన్న కోరిక అది. నోరు తెరిచినాను. చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి. "నాకెందుకప్పా, నాకంటే పెద్దోళ్లుండారు" అన్నాను, అని ఎదురు చూసినాను. వాళ్లు, "సరే మేడం, మీ ఇష్టం" అని, కాఫీ తాగి, నిజంగానే నాకంటే పెద్దాయన ఇంటికి పోయినారు. మా ఆయన, "కావాలంటే కావాలని చెప్పొచ్చు కదా?" అన్నాడు. "అట్లెట్ల చెప్తారు, అంతమంది ముందర?" అని ఆయన మీద విరుచుకుపడినాను.

ఆయన బయటికి పోయినాక బీరువాలోంచి పాత గౌను తీసినాను. మేనత్త చేతి వక్కాకు మరక అంచులో ఇంకా ఉండాది, ఎన్నిసార్లు ఉతికినా పోలేదు. దాన్ని నేలమీద పరుచుకుని కాసేపు దాని పక్కనే నిలబడినాను. కూర్చోలేదు. నా రెక్క పట్టి లాగడానికి ఆ మేనత్త లేదు కదా.